పాడని పాటకు పక్కవాద్యం

ఫిడేలు ఒంటరిగా ఉండకూడని వస్తువని నాకు యాభై ఆరేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఆ మాటకొస్తే మా బావగారికీ తెలియదు. ఆయన ఆ ఫిడేలుతో నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు.

మా బావగారంటే మా అక్క కామేశ్వరి భర్త, చామర్తి సోమేశ్వరరావు గారు. మాది రామచంద్రపురం. మా రెండిళ్ళకీ మధ్య ఒక గోడ, ఆ గోడలో ఒక తలుపు. పొద్దున్నే నేను పూజకి కూర్చుంటే ఆ తలుపు సందులోంచి ఆయన సాధన వినిపిస్తుంది. నాకు సంగీతం రాదు. పదో తరగతితో చదువు ఆపేసి పూజాసామగ్రి కొట్టు పెట్టుకున్నవాణ్ణి. అయినా ఆయన వాయిస్తూంటే పటంలో దేవుడు కొంచెం ముందుకు జరిగి కూర్చున్నట్టుంటుంది. అందుకని ఆ తలుపు ఎవరినీ పూర్తిగా వెయ్యనివ్వను.

బావగారు ఊరూరా కచేరీలకి వెళ్ళేవారు. పాడేవాళ్ళు మధ్యలో కూర్చునేవారు, ఆయన వాళ్ళ ఎడమపక్క. వాళ్ళు రాగం అందుకుంటే ఈయన వెనకాలే నడిచేవారు. వాళ్ళు దారి తప్పితే అసలు దారి అదేనన్నట్టు వాయించి కాపాడేవారు. దండలు వెయ్యడం మధ్యలోంచి మొదలుపెట్టేవారు కాబట్టి, ఈయన దాకా వచ్చేసరికి ఒక్కోసారి అయిపోయేవి. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు మాత్రం కాస్త గట్టిగా విడిచేవారు.

అలాంటి మనిషి ఆరేళ్ళు కూర్చుని ఒక పెద్ద రచన చేశారు. దాని పేరు 'రథోత్సవం'. మా ఊరి రథం గుడి ముందు బయల్దేరి, తిరిగి గుడి ముందుకు చేరేదాకా జరిగేదంతా అందులో ఉంది. పగ్గాలు బిగుసుకోవడం, చక్రాలు కిర్రుమనడం, మార్కెట్టు మలుపులో రథం ఇరుక్కుపోవడం, ఇంక కదలదురా అని జనం నీరుగారిపోయాక ఎవరో ఒకడు గోవిందా అనడం, అది కదలడం. గంటకు పైగా సాగుతుంది. పాట లేదు, మృదంగం లేదు. అంతా ఒక్క ఫిడేలే.

అది పూర్తయిన ఏడాదే ఆయన ఎడమచేతి చిటికెన వేలు బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. డాక్టరు గారు ఆ వేలిని అటూ ఇటూ వంచి చూసి, "మాస్టారూ, వాయించుకునేదేదో ఈ చలికాలంలోనే వాయించేసుకోండి. ఆ తరవాత నేను మాట ఇవ్వలేను" అన్నారు.

"స్వరాలు కాగితం మీద రాసెయ్యండి బావగారూ. ఎవరో ఒకరు వాయిస్తారు" అన్నాను.

"రాశానోయ్. రాస్తే చక్రాలొచ్చాయి గానీ రథం రాలేదు" అన్నారాయన.

అంటే రికార్డు చెయ్యాలి. ఆ వేలు వంగుతూండగానే చెయ్యాలి. సరిగ్గా అప్పుడే కాకినాడలో రాష్ట్ర నాదసంపద మండలి వారు, అపురూపమైన రచనలను తమ స్టూడియోలో ధ్వనిముద్రణ చేసి భావితరాలకు అందిస్తామని ప్రకటించారు. దేవుడు దారి చూపించాడనుకున్నాం. దేవుడు దారి చూపించిన మాట నిజమే. దారిలో మండలి ఉందని చెప్పలేదు.

*

మండలి సంచాలకులు డాక్టర్ నిగమేశ్వర్ గారు మమ్మల్ని లేచి ఆహ్వానించారు. కూర్చున్నాక మాత్రం మామూలుగా మాట్లాడలేదు.

"సోమేశ్వరరావు గారూ, తమ కృతిని మండలి సూత్రప్రాయంగా ఆమోదించింది. దాని అపూర్వత నిర్వివాదం. అయితే పరిశీలనలో ఒక స్వల్ప లోపం దృష్టికి వచ్చింది."

బావగారు ముందుకు వంగారు. "ఏ రాగంలోనండీ?"

"రాగంలో కాదు. ప్రధాన కళాకారుల విభాగంలో. అక్కడ ఎవరూ లేరు."

"నేనున్నానండి."

"తమరు పక్కవాద్యాల కింద నమోదై ఉన్నారు."

గోడవారగా నిలబడ్డ సూపరింటెండెంటు జగ్గారావు గారు అట్ట చిరిగిన నిబంధనల పుస్తకం తెరిచారు. ఆయన దాన్ని తెరిచే తీరు చూస్తే మా పురోహితుడు గుర్తొచ్చాడు. కళ్ళకద్దుకోలేదంతే.

"'ఫిడేలు మున్నగు పక్కవాద్యములు ప్రధాన కళాకారుని సమక్షమున మాత్రమే ధ్వనిముద్రణకు అర్హములు.' మూడో అధ్యాయం సార్."

"దీనికి పాట లేదండీ. రథానికి గొంతేవిటండి?" అన్నారు బావగారు.

నిగమేశ్వర్ గారు చిరునవ్వు నవ్వారు. "పాడాలని మేము అనలేదే! నిబంధనను శ్రద్ధగా ఆలకించండి. సమక్షమున అని ఉంది. ప్రధాన గాయకుడు ఆసీనుడై ఉండాలి. పాడటమా, పాడకపోవడమా అన్నది ఆయన కళాస్వేచ్ఛ. అందులో మండలి జోక్యం చేసుకోదు."

నాకు అర్థమైందో లేదో తేల్చుకుందామని అడిగాను. "అంటే పాడకుండా కూర్చునే పాటగాడు కావాలాండీ?"

"అలా అంటే మోటుగా ఉంటుంది. నిశ్శబ్ద ప్రధాన గాత్రం అందాం."

"ఆ ఫిడేలునే ప్రధానం కింద మార్చేస్తే పోదాండీ?"

"తప్పక మార్చవచ్చు. అందుకొక ఉపసంఘాన్ని కూడా నియమించాం. ఉపసంఘం కూర్చునే గది ఏది అన్న విషయం మీద ఇంకో ఉపసంఘం పనిచేస్తోంది."

బావగారు తన చిటికెన వేలి వైపు చూసుకున్నారు. "సరేనండి. ఎవరినైనా కూర్చోబెడతాను" అన్నారు.

*

ఎవరినైనా కూర్చోబెట్టడం అంత తేలిక కాదని తొందరలోనే తెలిసింది.

మొదట వేదుల మాణిక్యశాస్త్రి గారిని అడిగారు. బావగారు ఆయనకి పాతికేళ్ళు పక్కవాద్యం వాయించారు. "నీకోసం ఆ మాత్రం నోరు మూసుకోలేనుటయ్యా!" అని ఆయన పెద్ద మనసుతో వచ్చారు. పగ్గాలు బిగుసుకునేదాకా నిజంగానే మూసుకున్నారు. చక్రాలు కదిలేసరికి తొడ మీద తాళం మొదలైంది. రథం మొదటి వీధిలోకి తిరిగేసరికి "భేష్" అన్నారు. రెండో వీధిలో మూడు నిమిషాలు ఆలాపన చేశారు.

"శాస్త్రిగారూ, పాడకూడదండీ" అని మైకులో అన్నాడు డానియేలు. అతను స్టూడియోలో రికార్డిస్టు.

"నేను పాడానా?" అని శాస్త్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. ఇంకోసారి మొదలుపెడితే ఇంకోసారి పాడారు. చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "సోమేశ్వరం, ఐదో ఏట నుంచీ నోరు విప్పమని కొట్టారోయ్. మూసుకోమని ఎవరూ నేర్పలేదు" అని వెళ్ళిపోయారు.

తరవాత ఒక విదుషీమణి వచ్చారు. ఆవిడ వచ్చీ రాగానే ఫిడేలు శ్రుతి పెంచమన్నారు.

"మీరు పాడరు కదమ్మా!" అన్నారు బావగారు.

"పాడనండీ. కానీ పాడకపోవడం మాత్రం నా శ్రుతిలోనే జరగాలి కదా. వేరే శ్రుతిలో ఊరుకుంటే నా గొంతు దెబ్బతింటుంది."

జగ్గారావు గారు పుస్తకం తిరగేసి ఆవిడ మాట న్యాయమేనన్నారు. శ్రుతి పెంచారు. తీగ తెగింది. ఆవిడ అపశకునమని లేచిపోయారు.

ఆ సాయంత్రం బస్సులో బావగారు నన్ను అదోలా చూశారు.

"రత్నం, నువ్వు పొద్దున్న ఎంతసేపు కూర్చుంటావోయ్ పూజలో?"

"గంటన్నరండి."

"కదలకుండా?"

"దోమ కుడితే కదులుతానండి."

"స్టూడియోలో దోమల్లేవు" అన్నారాయన.

*

నన్ను గాత్ర విద్వాంసుడిగా పరీక్షించడానికి మండలి ముగ్గురు పెద్దల్ని పిలిపించింది. వాళ్ళు ముగ్గురూ కళ్ళు మూసుకుని, చెవులు ఇటు పెట్టి కూర్చున్నారు.

"ముందు విలంబకాలంలో ఊరుకోండి" అన్నారు మొదటాయన. ఊరుకున్నాను.

"ఇప్పుడు ద్రుతంలో."

ద్రుతంలో ఎలా ఊరుకోవాలో తెలియక మనసులో అష్టోత్తరం గబగబా చదివాను. ముగ్గురూ తలలాడించారు. రెండో ఆయన, "ఆరంభం నిండుగా ఉంది. మధ్యలో శ్వాస కొంచెం వినవచ్చింది" అన్నారు. మూడో ఆయనకి నా బాణీ ఎక్కడిదో అంతుబట్టలేదు.

"ఎవరి దగ్గర అభ్యాసం?"

"కొట్లోనండి. కర్పూరం బేరమాడేవాళ్ళ ముందు అలవాటైంది."

నాకు ప్రథమ శ్రేణి ఇచ్చారు. బావగారిది నలభై ఏళ్ళుగా ద్వితీయ శ్రేణి. ఆ మాట జగ్గారావు గారు చదువుతూంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బావగారు మాత్రం నా వీపు మీద చరిచి, "మంచి గాయకుడు దొరికాడురా బాబూ, రాగం కూడా మార్చడు" అన్నారు.

అక్కడితో ఆగిందా అంటే, ఆగలేదు. పరీక్ష సంగతి పత్రికలో వచ్చింది. 'శబ్దాన్ని దాటిన స్వరం' అని శీర్షిక పెట్టి, పూజలో ఉన్నప్పటి నా ఫోటో వేశారు. వారం తిరక్కుండా కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు వార్షికోత్సవానికి నన్ను పాడమన్నారు. ఇంతవరకూ మా భవనంలో ఫిర్యాదు రాని కచేరీ లేదండీ, మీదైతే రాదు అన్నారు. ఒక పెళ్ళివారు వచ్చారు. ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చి, "మా అమ్మాయికి గొంతు లేదండీ, మీ సంగీతం నేర్పండి" అంది. ఆ పిల్ల కళ్ళు చూస్తే జాలేసింది. "నీకేం ఇష్టమమ్మా?" అంటే "ఈత" అంది. ఈతే నేర్పించమని పంపించేశాను.

మండలి వారు అప్పటికే మౌనగాత్రంలో సర్టిఫికెట్ కోర్సు ప్రారంభించారు. మొదటి బ్యాచికి పరీక్ష కూడా పెట్టారు. తుమ్మినందుకు ఇద్దరు తప్పారు. పక్కవాణ్ణి చూసి కాపీ కొడుతున్నాడని ఒకణ్ణి బయటికి పంపేశారు.

ప్రారంభ సభలో నిగమేశ్వర్ గారు, "శబ్దం ఎవరైనా చేయగలరు. కాకులు చేస్తాయి, లారీలు చేస్తాయి. శబ్దం చేయకుండా ఉండగలగడమే నాగరికత!" అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు శబ్దమా కాదా అని నాకు సందేహం వచ్చింది గానీ, ప్రథమ శ్రేణి విద్వాంసుణ్ణి కనక పైకి అనలేదు.

ఈ సందడిలో బావగారి రథం సంగతి అందరూ మరిచిపోయారు. ఆయన మరవలేదు. రోజూ పొద్దున్న తలుపు సందులోంచి వింటూనే ఉన్నాను. మలుపు దగ్గరకి వచ్చేసరికి ఆ వేలు అందాల్సిన చోట అందడం లేదు. ఆగేవారు. మళ్ళీ అక్కణ్ణించే లాగేవారు.

*

చివరికి రికార్డింగు రోజు వచ్చింది. గదిలో మధ్యన నేను. ఎడమపక్క బావగారు. ఉన్నవాటిలో మంచి మైకు నా ముందు పెట్టారు. బావగారు కమాను ఎత్తి మొదలుపెట్టారో లేదో, అద్దం వెనకనుంచి డానియేలు చెయ్యి ఊపాడు.

"సార్, మా గాత్రం సారు మీటరు సూది లేవట్లేదండి. సున్నా దగ్గరే పడుకుంది."

జగ్గారావు గారు పుస్తకంతో లోపలికొచ్చారు. "అది నేనూ చూశాను. 'పక్కవాద్యపు ధ్వని ఏ సందర్భమునందును ప్రధాన గాత్రపు ధ్వనిని మించరాదు.' ప్రధాన గాత్రం ఎంతుంది?"

"సున్నా అండి."

"అయితే ఫిడేలు సున్నాకి మించకూడదు."

"మించకపోతే వినపడదండి!" అన్నాడు డానియేలు.

"వినపడటం గురించి ఇందులో ఏమీ లేదు" అని జగ్గారావు గారు నిజాయితీగా ముందువీ వెనకవీ పేజీలు తిప్పి చూశారు.

నిగమేశ్వర్ గారికి కబురెళ్ళింది. ఆయన వచ్చి, సమస్య విని, ముఖం వెలిగిపోతూ అన్నారు. "ఇది సమస్య కాదు, సదవకాశం! సోమేశ్వరరావు గారూ, తమరు కమాను తీగలను తాకకుండా వాయించండి. గాయకుడు పాడనిదాన్ని తమరు వాయించకుండా అనుసరించండి. గురువు నడిచిన బాటలో శిష్యుడు! భావితరాలు దిగ్భ్రమ చెందుతాయి."

బావగారు ఫిడేలు సర్దుకున్నారు. కమాను తీగలకి బెత్తెడు పైన పెట్టి గాలిలో రెండుసార్లు లాగారు.

"అద్భుతం!" అన్నారు నిగమేశ్వర్ గారు.

బావగారు ఫిడేలు పెట్టెలో పెట్టేశారు.

*

రాత్రి భోజనాలయ్యాక అక్క గిన్నెలో వేణ్ణీళ్ళు ఉప్పేసి తెచ్చింది. బావగారు అందులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో కూర్చున్నాను. ఎవరికీ మాట రావడంలేదు. అక్కకి మాత్రం ఎప్పుడూ వస్తుంది.

"ఎందుకండీ ఆ రాతిబొమ్మలతో! వాళ్ళు మిమ్మల్ని ఒంటరిగా వాయించనిస్తారా? ఈ నలభై ఏళ్ళలో మీరు హాయిగా ఒంటరిగా వాయించినదల్లా పాడేవాళ్ళు ఫ్లాస్కు మూత తీసి నీళ్ళు తాగినంతసేపే. నేను మొదటి వరసలో కూర్చుని ఆ మహానుభావులకి ఇంకాస్త దాహం వెయ్యి తండ్రీ అని మొక్కుకునేదాన్ని."

బావగారు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. గిన్నెలోంచి చెయ్యి తీసి నావైపు చూశారు.

"ఏవోయ్ రత్నం, నీకు దాహం ఏపాటి వేస్తుంది?"

మర్నాడు పొద్దున్నే జగ్గారావు గారి బల్ల ముందు నిలబడ్డాం. కచేరీలో గాయకుడు నీళ్ళు తాగే విషయమై నిబంధన ఏమైనా ఉందా అని బావగారు అడిగారు. జగ్గారావు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ పేజీ గురించి ఎవరూ అడగలేదట.

"లేకేం సార్! నాలుగో అధ్యాయం. 'ప్రధాన కళాకారుడు పానీయమును సేవించు వ్యవధిలో పక్కవాద్యకారుడు ధ్వనిపరిమితి లేకుండ స్వేచ్ఛగా వాయించవచ్చును.'"

"ఎంతసేపు తాగాలో ఉందాండీ?"

ఆయన వేలు పెట్టి చివరిదాకా చదివారు. "దాహానికి మండలి ఎట్టి పరిమితీ విధించలేదు సార్."

నిగమేశ్వర్ గారు కూడా కాదనలేకపోయారు. కానీ స్టూడియోకి రంగులు వేయించబోతున్నామనీ, ఖాళీ ఒక్క రోజే ఉందనీ, ఆ తరవాత ఎప్పుడు తెరుస్తామో చెప్పలేమనీ అన్నారు. ఏ రోజని అడిగాను. భీష్మ ఏకాదశి.

 భీష్మ ఏకాదశినాడు నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. మా నాన్నగారి నాటి నుంచీ వస్తున్న నియమం. బావగారికీ అది తెలుసు. ఆయన ఒక్క మాటైనా అడగలేదు. "పోనీలేవోయ్, దేవుడి తరవాతేగా ఏదైనా" అని నిబ్బరంగానే అన్నారు. కానీ బస్సు దిగేటప్పుడు కమ్మీ పట్టుకున్న చేతిలో ఆ చిటికెన వేలు మాత్రం కర్రలా నిక్కి ఉంది.

ఆ రాత్రి దేవుడి ముందు కూర్చుని అడిగాను. స్వామీ, నువ్వు పెట్టిన నియమమా, మేం పెట్టుకున్నదా? నీ రథం గురించే కదా ఆయన వాయిస్తున్నది? స్వామి సమాధానం చెప్పలేదు. ఆయనది ప్రథమ శ్రేణి. ఎదురుగా పంచపాత్రలో తులసి తీర్థం ఉంది. ఏకాదశినాడైనా తీర్థం పుచ్చుకోవచ్చు. ఎన్నిసార్లయినా పుచ్చుకోవచ్చు.

*

భీష్మ ఏకాదశినాడు స్టూడియోలో నా ముందు మైకు, మైకు కింద పంచపాత్ర, చేతిలో ఉద్ధరిణి, పక్కన పూలసజ్జలో తులసి దళాలు. జగ్గారావు గారు అది చూసి కలవరపడ్డారు.

"పానీయం అని ఉందండీ. తీర్థం పానీయం అవుతుందా?"

"ఇదీ గొంతులోంచే దిగుతుందండీ" అన్నాను.

ఆయన పంచపాత్రకి దణ్ణం పెట్టి, తానూ కాస్త పుచ్చుకుని, గొంతులోంచే దిగినట్టు నిర్ధారించుకుని అద్దం వెనక్కి వెళ్ళారు. గాయకుడు సేవించడం మానిన క్షణంలో రికార్డింగు ఆపించడం ఆయన విధి.

నేను మొదటి చుక్క నోట్లో వేసుకున్నాను. బావగారు కమాను లాగారు.

పగ్గాలు బిగుసుకున్నాయి. ఒక్కో చుక్కా పోసుకుంటూ కూర్చున్నాను. చక్రాలు కదిలాయి. పైన గొడుగు ఊగుతోంది. అరుగుల మీంచి ఆడవాళ్ళు అరటిపళ్ళు విసురుతున్నారు. నేను ఏటా పగ్గం పట్టుకునేవాణ్ణే గానీ రథాన్ని ఎప్పుడూ సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది. పగ్గం పట్టుకున్నవాడికి ముందువాడి వీపే కనపడుతుంది.

మార్కెట్టు మలుపు వచ్చింది. రథం ఇరుక్కుంది. ఒక్క స్వరం. దాన్ని లాగుతున్నారు, లాగుతున్నారు, అది రావడంలేదు. ఆయన నుదుటి మీద చెమట. చిటికెన వేలు వణుకుతూ తీగ మీద పాకుతోంది, చేరాల్సిన చోటుకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. నేను కూడా పగ్గం పట్టుకున్నట్టు బిగుసుకుపోయాను. ఉద్ధరిణి ఎప్పుడు కిందికి దిగిందో, తీర్థం పుచ్చుకోవడం ఎప్పుడు మానేశానో నాకు తెలియదు.

హఠాత్తుగా గుర్తొచ్చి అద్దం వైపు చూశాను. అంతా అయిపోయిందనుకున్నాను. జగ్గారావు గారి పుస్తకం కుర్చీలో ఉంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, రెండు చేతులతో గాలిలో పగ్గం లాగుతున్నారు.

వేలు చేరింది. రథం కదిలింది.

*

రథం గుడి చేరింది. బావగారు ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నారు. ఆ వేలు మరి తెరుచుకోలేదు. ఆయన దానివైపు చూసుకుని, "బాగానే లాగావురా" అన్నారు, మనిషితో అన్నట్టు.

నిగమేశ్వర్ గారు వచ్చి అందరినీ అభినందించారు. జగ్గారావు గారు కళ్ళు తుడుచుకుని, పని ముగించినట్టు రాయడానికి పుస్తకం తీశారు. పేజీ తిప్పారు. ఆయన వేలు ఒక వాక్యం దగ్గర ఆగింది.

"సార్... నాలుగో అధ్యాయం ఈ పేజీలో కూడా ఉంది సార్. 'పానీయ వ్యవధులు అంతిమ ప్రతి నుండి తొలగించబడును.'"

"తొలగించండి" అన్నారు నిగమేశ్వర్ గారు.

"తొలగిస్తే ఇంకేం మిగుల్తుందండీ!" అని డానియేలు అరిచినంత పని చేశాడు. "ముందు సారు సర్దుక్కూర్చోవడం, చివర సారు కూర్చుని ఉండటం, అంతేనండి."

"అదేనయ్యా కృతి! మొదటా చివరా నిశ్శబ్దం, నడుమ ఏ అంతరాయమూ లేదు. సర్టిఫికెట్ కోర్సుకి పాఠ్యాంశంగా పెడదాం." నిగమేశ్వర్ గారు పరమానందంతో వెళ్ళిపోయారు. అట్ట మీద వెయ్యడానికి నా ఫోటో కూడా అడిగారు.

నేను పంచపాత్ర సర్దుకోవడం మొదలుపెట్టాను. బావగారు మాత్రం లేచి జగ్గారావు గారి దగ్గరకి వెళ్ళారు. ఆ పుస్తకంతో వ్యవహారం ఎలాగో ఆయనకి అప్పటికి బాగా తెలిసిపోయింది.

"తొలగించినదాన్ని ఏం చేస్తారండీ?"

జగ్గారావు గారు పేజీ తిప్పారు. చదివారు. మళ్ళీ చదివారు. గొంతు సవరించుకుని పైకి చదివారు. "'తొలగించిన భాగములపై మండలికి ఎట్టి హక్కును లేదు. వానిని తక్షణమే బుట్టలో పడవేయవలెను.'"

ఆయన పుస్తకం మూశారు.

"బుట్ట ఎవరిదై ఉండాలో రాయలేదండి" అన్నారాయన, ఎటో చూస్తూ.

నేను తులసి దళాలు పక్కకి జరిపి పూలసజ్జ చాపాను. డానియేలు లోపలికి పరిగెత్తి, 'రథోత్సవం' మొత్తం ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చి, అందులో పడవేశాడు. తక్షణమే.

*

మండలి వారి 'రథోత్సవం' ఉగాదికి విడుదలైంది. గాత్రం నాది. ఇంతటి పరిణతిని ఈ మధ్యకాలంలో వినలేదని సమీక్షలో రాశారు. పక్కవాద్య సహకారం సంయమనంతో సాగిందని కూడా ఒక మాట రాశారు. బావగారు ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని పొట్ట పట్టుకుని నవ్వారు.

సజ్జలోని రథోత్సవం ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతోందో మాకే తెలియదు. డానియేలు మేనమామ ఆటోలో విన్నానని ఒకరు చెప్పారు. మాణిక్యశాస్త్రి గారు అది పెట్టుకుని రోజూ దానితో పాటు పాడుతున్నారట. అక్కడ ఆయన్ని ఆపేవాళ్ళు లేరు.

మేం మొదటిసారి విన్నది మాత్రం అక్క ఇంట్లో. డానియేలు స్పీకరు తెచ్చి పెట్టాడు. అక్క ఈసారి వంటింట్లోంచే విని ఊరుకోలేదు. చెయ్యి తుడుచుకుని వచ్చి, పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. పగ్గాలు బిగిశాయి. వీధులు తిరిగాయి. మార్కెట్టు మలుపులో ఆ స్వరం లాగుతూ లాగుతూ ఉండగా మధ్యలో ఎక్కడో ఠంగుమని సన్నగా ఒక చప్పుడు.

డానియేలు నాలిక్కరుచుకున్నాడు. "అది రత్నంగారి ఉద్ధరిణి జారిన చప్పుడండి. ఇంటికెళ్ళి కత్తిరించేస్తానండి, తెలియకుండా."

"ఒద్దొద్దు" అన్నారు బావగారు. "మా ప్రధాన విద్వాంసుడు మొత్తం మీద పాడింది అదొక్కటే కదయ్యా."

"తప్పు శ్రుతిలో పడిందేమో బావగారూ" అన్నాను.

"అబ్బే, నిఖార్సుగా..."

"ష్! మాట్లాడకండి. రథం ఇంకా మలుపు తిరగలేదు" అంది అక్క.

ముగ్గురం నోరు మూసుకున్నాం.